అవే పదహారు బిట్లు, వేరే వేరే విలువలు

గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం క్వింటా 18,500 రూపాయలు పలికిందనుకుందాం. ఆ ధరను కంప్యూటర్‌లో బీఫ్లోట్16 అనే సంఖ్యారకంలో దాచి మళ్లీ బయటికి తీస్తే 18,560 వస్తుంది. అరవై రూపాయలు ఎక్కువ. ఎఫ్‌పీ16 అనే ఇంకో రకంలో దాస్తే 18,496 వస్తుంది. నాలుగు రూపాయలు తరుగు. పోనీ ఈ రెండోదే నయం కదా అని నాలుగు క్వింటాళ్ల సొమ్ము కట్టబోతే, 74 వేలు రావాల్సిన చోట అనంతం వచ్చి కూర్చుంటుంది. ఎఫ్‌పీ16 మోయగలిగిన అతి పెద్ద సంఖ్య 65,504 మాత్రమే.

డబ్బు లెక్కలకు ఇలాంటి సంఖ్యలను ఎవరూ వాడరు, వాడకూడదు కూడా. వీటి చోటు వేరే. కాయను ఫొటో తీసి అందులో తాలు ఎంతుందో అంచనా కట్టే న్యూరల్ నెట్‌వర్క్‌ను తీసుకుంటే, దాని లోపలి ఒక్కో సంఖ్యా కచ్చితంగా ఉండాల్సిన పని లేదు. లక్షల సంఖ్యలు కలిసి ఎటు మొగ్గుతున్నాయన్నదే అక్కడ ముఖ్యం. భాషా మోడళ్ల సంగతీ అంతే. 700 కోట్ల పారామీటర్లు, అంటే శిక్షణలో నేర్చుకున్న సంఖ్యలు, ఉన్న మోడల్‌ను మామూలు 32 బిట్ల ఫ్లోట్ అనే దశాంశ సంఖ్యారకంలో ఉంచితే వాటికే 28 జీబీ కావాలి. 16 బిట్లలో ఉంచితే 14 జీబీ చాలు. విజయవాడలో ఒక విద్యార్థి దగ్గర 16 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే, మోడల్ అందులో పట్టడమా పట్టకపోవడమా అన్నది ఈ తేడాతోనే తేలిపోతుంది.

అందుకే ఈ పొట్టి సంఖ్యలు ఇంత త్వరగా అన్నిచోట్లా పాకాయి. వాటి వెనక కంపైలర్లు, అంటే మనం రాసిన కోడ్‌ను యంత్రం భాషలోకి మార్చే ప్రోగ్రాములు, పడ్డ పాట్ల గురించి మాత్రం తెలుగులో ఎక్కడా పెద్దగా చర్చ కనిపించదు. ఇక్కడి కాలేజీల్లో మోడళ్లతో పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు కాబట్టి ఆ చర్చ అవసరం ఉంది. పొరపాటు జరిగినప్పుడు ప్రోగ్రాం ఆగిపోదు. తప్పు లెక్కలు చెబుతూ హాయిగా నడుస్తూనే ఉంటుంది.

ముందు బిట్ల పంపకం చూడాలి. 2008 నాటి ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణంలో చేరిన ఎఫ్‌పీ16లో గుర్తుకు 1 బిట్, ఘాతానికి (2ను ఎన్నో ఘాతానికి పెంచాలో చెప్పే భాగం) 5, భిన్నభాగానికి (సంఖ్యలోని అంకెలను మోసే భాగం) 10. గూగుల్ బ్రెయిన్ బృందం నుంచి వచ్చిన బీఫ్లోట్16లో గుర్తుకు 1, ఘాతానికి 8, భిన్నానికి 7. ఈ రెండోది నిజానికి 32 బిట్ల ఫ్లోట్‌ను నడిమికి కోసి పైసగం ఉంచుకోవడమే. ఘాతం తగ్గలేదు కాబట్టి ఫ్లోట్ లాగే 10³⁸ దాకా వెళ్తుంది. భిన్నం తగ్గింది కాబట్టి 256 దాటాక పూర్ణాంకాలను కూడా రెండేసి, నాలుగేసి చొప్పున దాటుకుంటూ పోతుంది.

బీఫ్లోట్16లో 1 అంటే 0 01111111 0000000. అవే బిట్లను ఎఫ్‌పీ16 అనుకుని చదివితే కోత వేరే చోట పడుతుంది: 0 01111 1110000000. అప్పుడు దాని విలువ 1.875. తిరగేసి చూస్తే, ఎఫ్‌పీ16లోని 1ని బీఫ్లోట్16గా చదివినప్పుడు 128వ వంతు, అంటే 0.0078125 వస్తుంది. రెండూ చూడ్డానికి మామూలు సంఖ్యలే, ఎవరికీ అనుమానం రాదు. పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. ఒక వేలంటే వందా వెయ్యా అన్నది ఇద్దరికీ ముందే ఒకేలా తెలిసి ఉంటేనే ఆ బేరం బేరం. కంపైలర్ల లోకంలో అలాంటి ముందస్తు ఒప్పందాన్నే ఏబీఐ అంటారు. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు విలువ ఏ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న అరలో) వెళ్లాలి, ఎన్ని బిట్లు చెల్లుతాయి, జవాబు ఎక్కడికి రావాలి, ఆ ఫంక్షన్ పేరు బైనరీలో ఎలా నమోదవ్వాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. సోర్స్ కోడ్ ఒక్కటే అయినంత మాత్రాన సరిపోదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కంపైలర్లతో తయారైన బైనరీలు కలిసినప్పుడు కూడా ఈ ఒప్పందం నిలబడాలి.

చిక్కంతా ప్రాసెసర్లు ముందు, ఒప్పందం తరవాత రావడంలో ఉంది. 2012లో ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్‌తో ఎఫ్16సీ అనే ఇన్‌స్ట్రక్షన్ల (ప్రాసెసర్ నేరుగా చేయగల ఆదేశాల) గుంపు వచ్చింది. అది ఎఫ్‌పీ16ను ఫ్లోట్‌గా, ఫ్లోట్‌ను ఎఫ్‌పీ16గా మార్చడం తప్ప ఇంకేమీ చేయదు. 2020 నాటి కూపర్ లేక్‌లో బీఫ్లోట్16 కోసం మూడంటే మూడు ఇన్‌స్ట్రక్షన్లు చేర్చారు: రెండు మార్పిడికి, ఒకటి జతలను గుణించి ఫ్లోట్‌లోకి కూడడానికి. రెండు బీఫ్లోట్16 సంఖ్యలను నేరుగా కూడే ఇన్‌స్ట్రక్షన్ అందులో లేదు. అంటే చిప్ పెట్టె మీద బీఫ్లోట్16 అని ఉన్నా, భాషలో దాన్ని ఒక పూర్తి సంఖ్యారకంగా నిలబెట్టే భారం కంపైలర్ మీదే పడింది.

తొందరలో కొందరు తేలిక దారి పట్టారు. 16 బిట్లే కదా, షార్ట్ అనే పూర్ణాంక రకానికి ఇంకో పేరు తగిలిస్తే పోలా అనుకున్నారు. ఇంటెల్ ఇన్‌స్ట్రక్షన్ల కోసం క్లాంగ్ అనే కంపైలర్ ఇచ్చిన హెడర్ ఫైల్లో కూడా మొదట్లో బీఫ్లోట్16 అంటే షార్టే. ఆ దారిలో ఏం జరుగుతుందో చేత్తో లెక్కేసి చూడవచ్చు. పైన చూసిన 1 బిట్లను పూర్ణాంకంగా చదివితే 16,256. కాబట్టి 1ని ప్రింట్ చేయమంటే తెర మీద 16256 పడుతుంది. 1కి 1 కూడితే 32,512 అవుతుంది. దాన్ని మళ్లీ బీఫ్లోట్16గా చదివితే ఘాతం 127కి చేరి, ఒకటీ ఒకటీ కలిసి సుమారు 1.7 × 10³⁸ అవుతుంది. కంపైలర్ హెచ్చరించదు, ఎందుకంటే దాని దృష్టిలో ఇది రెండు పూర్ణాంకాల కూడిక. తప్పేమీ లేదు. ఆ పాత పేరును క్లాంగ్ 16లో వద్దని ప్రకటించి, అసలైన ప్రత్యేక రకానికి మళ్లించారు.

ఆర్మ్ ప్రాసెసర్ల వైపు వాళ్లు ఇంకో దారి పట్టారు. 2020లో వచ్చిన జీసీసీ 10 కంపైలర్‌లో బీఫ్లోట్16 రకం ఉంది, కానీ కేవలం నిల్వకు. కూడడం, గుణించడం కాదు కదా, మామూలు కాస్ట్‌తో ఫ్లోట్‌గా మార్చడం కూడా కుదరదు. ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లను నేరుగా పిలిచే ఇంట్రిన్సిక్ ఫంక్షన్ల ద్వారానే పని జరగాలి. ప్రోగ్రామర్లకు అది చేతులు కట్టేసినట్టే అనిపించి ఉంటుంది. అయినా ఈ మొత్తం కథలో బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఇదే. కూడిక ఫలితాన్ని ఎక్కడ కుదించాలి, ఎఫ్‌పీ16తో కలిపితే ఏ రకం రావాలి వంటి ప్రశ్నలకు అప్పటికి భాషా ప్రమాణాల్లో జవాబు లేదు. జవాబు లేనప్పుడు అనుమతి ఇచ్చేస్తే, రేపు ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. వద్దన్నదాన్ని తరవాత సరే అనడం మాత్రం ఎప్పుడైనా చేయవచ్చు. సరిగ్గా అలాగే జరిగింది. సీ++23 ప్రమాణం ఫ్లోట్16కీ (ఎఫ్‌పీ16కు అక్కడి పేరు) బీఫ్లోట్16కీ విడివిడి పేర్లిచ్చి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి చెప్పకుండా జారడానికి వీల్లేదని తేల్చింది. ఒకదానికి పరిధి ఎక్కువ, ఇంకోదానికి కచ్చితత్వం ఎక్కువ. ఏది పెద్దదని చెబుతారు? 2023లో వచ్చిన జీసీసీ 13, ఆ తరవాత క్లాంగ్ 17 బీఫ్లోట్16ను లెక్కలు చేయగల పూర్తి రకంగా మార్చాయి.

ఇక అసలు దెబ్బ తగిలిన చోటు. ఎక్స్86 64 బిట్ల యంత్రాల్లో ఫంక్షన్‌కు పంపే పూర్ణాంకాలు మామూలు రిజిస్టర్లలో, ఫ్లోట్లు ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లలో వెళ్తాయి. మరి 16 బిట్ల ఫ్లోట్? ఒప్పందం రాసుకోక ముందు క్లాంగ్‌కు పునాది అయిన ఎల్‌ఎల్‌వీఎం దాన్ని 16 బిట్ల పూర్ణాంకంలా మామూలు రిజిస్టర్‌లో పంపేది. ఒప్పందంలో మాత్రం అది మిగతా ఫ్లోట్లలాగే ఎక్స్‌ఎంఎంలో వెళ్లాలని రాశారు. ప్రాసెసర్‌కు 16 బిట్ల ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నా లేకపోయినా, ఎస్‌ఎస్‌ఈ2 అనే పాత ఇన్‌స్ట్రక్షన్ల గుంపు ఉన్న ప్రతి యంత్రంలోనూ అంతే. ఇది చాలా అవసరమైన మాట. చిప్‌ను బట్టి దారి మారితే, పాత ల్యాబ్ కంప్యూటర్ కోసం కంపైల్ చేసిన లైబ్రరీకీ కొత్తదాని కోసం చేసిన ప్రోగ్రాంకూ పొత్తు కుదరదు. 2022లో ఎల్‌ఎల్‌వీఎం 15 ఈ ఒప్పందానికి మారింది. మారడం సరైనదే, కానీ మారిన రోజు నుంచి పాత బైనరీలూ కొత్త బైనరీలూ ఒకే గదిలో రెండు భాషలు మాట్లాడటం మొదలుపెట్టాయి.

ఫ్లోట్‌ను ఎఫ్‌పీ16గా కుదించే ఇన్‌స్ట్రక్షన్ లేని చిప్‌లో కంపైలర్ ఒక సహాయక ఫంక్షన్‌ను పిలుస్తుంది. దాని పేరు పాతకాలంలోనూ కొత్తకాలంలోనూ ఒకటే. పాతది జవాబును ఏఎక్స్ రిజిస్టర్‌లో పెట్టి వస్తుంది. కొత్త కంపైలర్‌తో తయారైన కోడ్ జవాబు కోసం ఎక్స్‌ఎంఎం0 కింది 16 బిట్లు చూస్తుంది. కుదించమని పంపిన ఫ్లోట్ వెళ్లింది కూడా ఆ ఎక్స్‌ఎంఎం0లోనే. మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోకపోతే, పిలిచిన కోడ్‌కు జవాబుగా దక్కేది తాను పంపిన ఫ్లోట్ తాలూకు తోక. పంపింది 0.1 అయితే ఆ తోక 1100110011001101. ఎఫ్‌పీ16గా విడదీస్తే 1 10011 0011001101. అంటే సుమారు మైనస్ 19.2. పంపింది 1 అయితే తోకలో అన్నీ సున్నాలే, కాబట్టి జవాబు సున్నా. 2, 3, 0.5, 0.25 పంపినా సున్నాయే. పరీక్ష కోసం చేతికొచ్చిన తేలిక సంఖ్యలు రాసుకునేవాడికి మోడల్ చచ్చుబడినట్టు కనిపిస్తుంది. ఎక్కడో శిక్షణలో పొరపాటు చేశామని రెండు రాత్రులు అక్కడే వెతుకుతాడు. బైనరీలను కలిపే లింకర్ ఒక్క మాటా చెప్పదు, ఎందుకంటే అది చూసేది పేరు ఒక్కటే.

పేరు కూడా మారిపోయిన సందర్భం ఇంకోటుంది. సీ++లో ఫంక్షన్ పేరులోనే అది తీసుకునే రకాల ముద్ర పడుతుంది. బీఫ్లోట్16 నిల్వకు మాత్రమే ఉన్న రోజుల్లో పడిన ముద్ర ఒకటి. పూర్తి రకమయ్యాక అన్ని కంపైలర్లకూ ఉమ్మడిగా డీఎఫ్16బీ అనే ముద్ర వచ్చింది. పాత లైబ్రరీని కొత్త ప్రోగ్రాంతో కలపబోతే ఆ ఫంక్షన్ దొరకలేదని లింకర్ మొరాయిస్తుంది. దీన్ని విసుక్కునేవాళ్లే ఎక్కువ. నిజానికి మేలు చేసే పొరపాటు ఇదే. తెర మీద ఎర్రగా పడే ఆ ఒక్క వాక్యం, మైనస్ 19.2ను వెతుక్కునే రెండు రాత్రులను మిగులుస్తుంది.

ఒకే పేరు, ఒకే రిజిస్టర్, ఒకే పరిమాణం ఉండి కూడా అర్థం మారే ఉదాహరణ ఆర్మ్‌లోనే ఉంది. పాత 32 బిట్ల ఆర్మ్‌లో ఎఫ్‌పీ16కు రెండు రూపాలుండేవి. ఐట్రిపుల్‌ఈ రూపంలో 0 11111 0000000000 అంటే అనంతం. ప్రత్యామ్నాయ రూపంలో అనంతం, నాన్ (ఇది సంఖ్యే కాదని చెప్పే విలువ) అనేవి లేవు. ఆ బిట్లకు అర్థం 65,536, పరిధి 1,31,008 దాకా. ఏ రూపం కావాలో జీసీసీకి ఆప్షన్ ఇచ్చి చెప్పాలి, కలిపే ఫైళ్లన్నిటికీ ఒకే ఆప్షన్ ఉండాలి.

కుదింపు కూడా ఒప్పందంలో భాగమే, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫ్లోట్‌లోంచి బీఫ్లోట్16కు రావడానికి కింది 16 బిట్లను కోసేస్తే చాలనుకుంటారు. కానీ నాన్ అనే విలువకు ఘాతమంతా ఒకట్లు ఉండి, భిన్నంలో కనీసం ఒక ఒకటి ఉండాలి. ఆ ఒకటి కింది సగంలోనే ఉంటే, కోత పడగానే మిగిలేది అనంతం. పోనీ దగ్గరి సంఖ్యకు సవరిద్దామని సగం విలువ కలిపి కోస్తే, భిన్నమంతా ఒకట్లున్న నాన్‌లో ఆ కూడిక పైకి పొంగి గుర్తు బిట్ దాకా వెళ్తుంది. చివరికి చేతిలో మిగిలేది మైనస్ సున్నా. శిక్షణలో లెక్క చెడిందని చెప్పాల్సిన నాన్ సున్నాగా మారితే, ఆ చెడు ఎప్పటికీ బయటపడదు. సరైన కుదింపు ముందు నాన్‌ను పక్కన పెట్టి, తరవాతే సవరిస్తుంది. 64 బిట్ల డబుల్‌ను నేరుగా కాకుండా ఫ్లోట్ మీదుగా కుదించినా తప్పొచ్చే సందర్భాలున్నాయి. సరిగ్గా మధ్యకు రవ్వంత పైన ఉన్న విలువ మొదటి సవరణలో మధ్యకే దిగి, రెండో సవరణలో తప్పు వైపు పడుతుంది. అందుకే డబుల్ నుంచి బీఫ్లోట్16కు జీసీసీ విడిగా ఒక సహాయక ఫంక్షన్ పెట్టింది.

మధ్యంతర ఫలితాల గొడవ ఇంకా సూక్ష్మం. 256కు 1 కూడి, దానికి ఇంకో 1 కూడాలి. ప్రతి మెట్టులోనూ బీఫ్లోట్16కు కుదిస్తే 257 అందులో పట్టదు, 256కే వెనక్కి వస్తుంది. రెండోసారీ అంతే. జవాబు 256. యార్డులో టిక్కీలను (మిర్చి బస్తాలను) ఇలా ఒక్కొక్కటిగా లెక్కపెడితే 256వ టిక్కీ దగ్గర లెక్క ఆగిపోతుంది, ఎన్ని లారీలు దిగినా సరే. అదే మధ్యలో ఫ్లోట్‌లోనే ఉంచి చివర్లో ఒక్కసారి కుదిస్తే 258 వస్తుంది. ప్రమాణాల ప్రకారం రెండూ చెల్లుతాయి. ఏది కావాలో కంపైలర్ ఆప్షన్‌తో చెప్పుకోవాలి. కాబట్టి ఒకే సోర్స్ రెండు చోట్ల కంపైల్ అయి రెండు జవాబులిచ్చినప్పుడు యంత్రాన్ని అనుమానించే ముందు ఆ ఆప్షన్లు చూడాలి. పైగా ఇంటెల్ గుణకార ఇన్‌స్ట్రక్షన్ మరీ చిన్న సంఖ్యలను సున్నాగా తీసుకుంటుంది, ప్రోగ్రాం ఎంచుకున్న సవరణ పద్ధతిని పట్టించుకోదు. అది ఉన్న చిప్‌కూ లేని చిప్‌కూ చివరి అంకెల్లో తేడా రావడం సహజం.

కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం ఇంకా మోటు సమస్య. కొత్త కంప్యూటర్‌లో మార్చ్ నేటివ్ (ఈ చిప్‌కే సరిపడేలా చేయమనే) ఆప్షన్‌తో కంపైల్ చేసిన ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో పక్క ల్యాబుకు తీసుకెళ్తే, పాత ప్రాసెసర్‌కు ఆ ఇన్‌స్ట్రక్షన్ తెలియక అక్కడికక్కడే పడిపోతుంది. ఆ ఆప్షన్ తీసేస్తే నెమ్మదిగానైనా నడుస్తుంది. లేదా అక్కడ సహాయక ఫంక్షన్లుండే లిబ్‌జీసీసీ లైబ్రరీ పాతదై, సహాయక ఫంక్షన్ దొరక్క మొదట్లోనే ఆగిపోతుంది. ఈ రెంటికీ మందు సులువే, జబ్బు పేరు తెర మీదే రాసి ఉంటుంది.

పైథాన్‌లో పనిచేసేవాళ్లకు ఈ గొడవ వేరే వేషంలో కనిపిస్తుంది. లెక్కల లైబ్రరీ నంపైలో ఫ్లోట్16 ఉంది, బీఫ్లోట్16 సొంతంగా లేదు. న్యూరల్ నెట్‌వర్క్‌ల లైబ్రరీ పైటార్చ్‌లో బీఫ్లోట్16 టెన్సర్‌ను (సంఖ్యల పట్టికను) నంపైకి ఇవ్వబోతే ఆ రకం కుదరదని ఎర్రర్ వస్తుంది. ముందు ఫ్లోట్‌కు మార్చి ఇస్తే పని అయిపోతుంది. తొందరలో కొందరు బిట్లను అలాగే ఫ్లోట్16 అనుకుని చదివేస్తారు. ఎర్రర్ పోతుంది, 1 ఉన్న చోటల్లా 1.875 వచ్చి చేరుతుంది. వెనక షార్ట్‌తో జరిగిన కథే ఇది. లైబ్రరీలు రాసేవాళ్లు ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పించగలరు: బయటికి కనిపించే ఫంక్షన్లలో 16 బిట్ల సంఖ్యను విలువగా పంపకుండా, బిట్లున్న చోటి చిరునామా, ఎన్ని ఉన్నాయన్నది, వాటి రకం చెప్పే ఒక గుర్తు పంపడం. టెన్సర్లను ఒక లైబ్రరీ నుంచి ఇంకోదానికి అందించే డీఎల్‌ప్యాక్ అలాగే చేస్తుంది. అందులో మామూలు ఫ్లోట్లకు ఒక సంకేతం, బీఫ్లోట్‌కు ఇంకో సంకేతం. మోడళ్లను దాచే సేఫ్‌టెన్సర్స్ ఫైలు కూడా ప్రతి టెన్సర్ పక్కన ఎఫ్16 అనో బీఎఫ్16 అనో రాసి పెట్టుకుంటుంది. చిన్న లైబ్రరీకి ఇది అతి అనిపించినా మొదటి రోజే పెట్టుకోవాలి.

ఈలోగా 8 బిట్ల సంఖ్యలు వచ్చేశాయి, వాటిలో రూపాలు ఇంకా ఎక్కువ. ఈ4ఎం3 అనే దానికి ఘాతంలో 4 బిట్లు, భిన్నంలో 3. దాని అతి పెద్ద సంఖ్య 448. అవే పంపకాలతో ఏఎండీ ఎంఐ300 చిప్ వాడిన ఇంకో రూపంలో ఘాతం లెక్క ఒకటి జరిగి, అతి పెద్ద సంఖ్య 240 అయింది. మొదటిదాంట్లో 1 అయిన 0 0111 000, రెండోదాంట్లో అర. రకం మరిచిపోయి చదివితే మోడల్‌లోని బరువులన్నీ సగానికి పడిపోతాయి. సీ భాషా ప్రమాణంలో 8 బిట్ల ఫ్లోట్‌కు ఇంకా చోటు లేదు, చాలామంది వాటిని అన్‌సైన్డ్ క్యారెక్టర్‌లోనే మోస్తున్నారు. ఆర్మ్ మళ్లీ తన పాత పద్ధతే పట్టింది. ఎంఎఫ్‌పీ8 అని ఒక రకాన్ని విడిగా ఇచ్చింది. దాని రూపం ఏదో ఎఫ్‌పీఎంఆర్ అనే రిజిస్టర్ చెబుతుంది. ఆ రకానికి కూడిక లేదు, గుణకారం లేదు. ఫంక్షన్ పిలుపులో అది ఏ రిజిస్టర్‌లో వెళ్లాలో మాత్రం ముందే రాసి పెట్టారు.